చిన్న కొండ, నాలుగు రోజులు: మాల్బున్‌లో మా పిల్లలతో

 

నా గురించి రెండు ముక్కలు చెప్తాను. మాది పశ్చిమ గోదావరి జిల్లా, పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చేసి, 2006లో దుబాయ్ వచ్చాను. మొదట షట్టరింగ్ గ్యాంగులో చేశాను, తర్వాత ఫోర్‌మన్, ఇప్పుడు సూపర్‌వైజర్. మా ఆవిడ, ఇద్దరు పిల్లలు ఊళ్ళోనే ఉంటారు. పెద్దాడికి పదమూడేళ్ళు, చిన్నదానికి ఎనిమిది.

మొన్న జనవరిలో వాళ్ళని తీసుకుని ఆల్ప్స్ కొండల్లో ఒక చిన్న మంచు ఊరికి వెళ్ళొచ్చాను. రూములో చెప్తే ఇద్దరు ముగ్గురు నవ్వారు. "ఏంటన్నా, సూపర్‌వైజర్ అయ్యేసరికి స్విట్జర్లాండ్ కావలసొచ్చిందా?" అన్నారు. ఒక కుర్రాడు మాత్రం అందరూ పడుకున్నాక నా మంచం దగ్గరికొచ్చి మెల్లిగా అడిగాడు. "అన్నా, నిజంగా మనలాంటోళ్ళు పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా? అక్కడ ఏముంటది? ఎంతవుద్ది?" అని. ఈ రోజు నేను చెప్పేదంతా ఆ కుర్రాడికి జవాబు అనుకోండి.

మనలో చాలామంది మంచుని మొదటిసారి చూసింది ఎక్కడ? మాల్ ఆఫ్ ది ఎమిరేట్స్‌లో, అద్దానికి ఇవతల నిలబడి. స్కీ దుబాయ్ 2005లో తెరిచారు. నేను వచ్చిన కొత్తలో ఒక శుక్రవారం మా గ్యాంగంతా చూడ్డానికి వెళ్ళాం. బయట నలభై డిగ్రీల ఎండ, అద్దం అవతల మంచు. టికెట్టు కొనే మాటే లేదు. అరగంట అలా చూస్తూ నిలబడ్డాం. లోపల ఒకాయన తన చిన్న కూతురి రెండు చేతులూ పట్టుకుని, తను వెనక్కి నడుస్తూ, ఆ పిల్లకి జారడం నేర్పుతున్నాడు. అప్పటికి నాకు పెళ్ళి కూడా కాలేదు. అయినా ఆ దృశ్యం మనసులో ఉండిపోయింది.

పోయినేడాది మా చిన్నదాని పుట్టినరోజు ఫోన్లో చూస్తూ ఒక లెక్క వేశాను. మనకి లెక్కలు అలవాటే కదా, ఎన్ని క్యూబిక్ మీటర్లు, ఎన్ని టన్నుల స్టీలు అని. ఏడాదికి సగటున ఒక నెల సెలవు. ఎనిమిదేళ్ళకి ఎనిమిది నెలలు. అంటే ఎనిమిదేళ్ళ పిల్లకి నేను ఎనిమిది నెలల నాన్నని. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా బావమరిది జ్యూరిక్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. రెండేళ్ళ నుంచి రమ్మంటున్నాడు. "బావా, పిల్లలకి సంక్రాంతి సెలవులిస్తారు కదా, అప్పుడు రండి. క్రిస్మస్ రద్దీ పోయి రేట్లు కూడా కాస్త తగ్గుతాయి" అన్నాడు. నా దగ్గర ఊళ్ళో ఇంటికి పై అంతస్తు స్లాబు వేయడానికి దాచిన డబ్బు ఉంది. మా నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "పెద్ద పండక్కి ఇంటికి రాకుండా మంచులోకి పోతావట్రా? స్లాబు సంగతేంటి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అయినా వెళ్ళాం. తప్పు చేస్తున్నానేమో అనే అనుమానంతోనే విమానం ఎక్కాను.

స్విట్జర్లాండ్ వెళ్ళే మనోళ్ళందరూ మొదట పెద్ద పేరున్న కొండలే ఎక్కుతారు. ఫోటోలు బాగుంటాయి. నేనూ అవే అడిగాను. మా బావమరిది అన్నాడు, "బావా, అవి చూడ్డానికి వెళ్ళే కొండలు. పొద్దున ఎక్కి, ఫోటో దిగి, సాయంత్రానికి దిగిపోవాలి. నువ్వు పిల్లలతో నాలుగు రోజులు గడపాలంటున్నావు. దానికి చిన్న చోటు కావాలి." అలా అతను చూపించిన ఊరి పేరు మాల్బున్.

మాల్బున్ స్విట్జర్లాండ్‌లో లేదు. పక్కనే ఉన్న లీక్టెన్‌స్టైన్ అనే బుల్లి దేశంలో ఉంది. దేశం మొత్తం 160 చదరపు కిలోమీటర్లు, జనాభా సుమారు నలభై వేలు. విమానాశ్రయం లేదు, సొంత డబ్బు లేదు, స్విస్ ఫ్రాంకులే వాడతారు. ఆ దేశానికి ఉన్న ఒకే ఒక్క స్కీ ఊరు ఇది. సముద్ర మట్టానికి 1,600 మీటర్ల ఎత్తులో, చుట్టూ కొండలు, మధ్యలో గిన్నె అడుగులాగా ఉంటుంది.

ఎలా వెళ్ళామంటే, జ్యూరిక్ నుంచి రైల్లో సుమారు గంటలో సార్గాన్స్ స్టేషన్. అక్కడి నుంచి బస్సులో రాజధాని వాడుజ్. వాడుజ్‌లో 21వ నంబరు బస్సు ఎక్కితే అరగంట పైన మాల్బున్. ఆ బస్సు మలుపుల మీద మలుపులు తిరుగుతూ ఎక్కుతుంది. కింద రైన్ నది లోయ, గట్టు మీద ఆ దేశపు రాజుగారి కోట. ఇప్పటికీ ఆ కుటుంబం అందులోనే ఉంటుంది. మా పెద్దాడికి కడుపులో తిప్పింది. మా ఆవిడ సంచిలోంచి నిమ్మకాయ తీసి చేతిలో పెట్టింది. ఆల్ప్స్ ఎక్కినా మన మందు మనదే. పైకి వెళ్ళాక ఒక సొరంగం వస్తుంది. ఇవతల పచ్చగడ్డి కనిపిస్తోంది, అవతలికి వచ్చేసరికి అంతా తెలుపు. మా చిన్నది "నాన్నా!" అని ఒక్క కేక పెట్టింది.

ఇక ఆ కుర్రాడు అడిగిన ప్రశ్న, అక్కడ ఏముంటది? ముందు ఏం ఉండదో చెప్తాను. పెద్ద రిసార్టుల్లో వందల కిలోమీటర్ల జారుడు బాటలు ఉంటాయి. ఇక్కడ అన్నీ కలిపి 23 కిలోమీటర్లే. పెద్ద పెద్ద షాపులు లేవు, రాత్రి హడావుడి లేదు. కొండల పైకి తీసుకెళ్ళే చైర్ లిఫ్టులు మూడు, టేలి, హోఖెగ్, సరైస్ అని. వీటిలో సరైస్ రెండు వేల మీటర్ల ఎత్తుదాకా తీసుకెళ్తుంది. ఆరితేరినవాళ్ళకి రెండు రోజుల్లో బోరు కొడుతుందంటారు. మనం ఆరితేరినవాళ్ళం కాదు కాబట్టి ఆ బాధ లేదు.

ఉన్నది ఏమిటంటే, మొదటిది, పిల్లల మైదానం. మాల్బి పార్క్ అంటారు. ఊళ్ళోనే, దాదాపు చదునుగా ఉండే చిన్న వాలు. చుట్టూ కంచె. పిల్లలు పైకి ఎక్కడానికి నేల మీద ఒక రబ్బరు బెల్టు మెల్లిగా కదులుతూ ఉంటుంది. మన క్రషర్ దగ్గర కంకర మోసే కన్వేయర్ బెల్టు లేదూ, అచ్చం అదే. కాకపోతే కంకర బదులు పిల్లలు. దాన్ని వాళ్ళు మాయా తివాచీ అని పిలుస్తారు. నేను ముందు దాని చివర ఎమర్జెన్సీ స్టాప్ ఎక్కడుందో వెతికాను. ఉంది, పక్కన మనిషి కూడా ఉన్నాడు. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను.

రెండోది, స్కీ స్కూలు. నాలుగైదేళ్ళ పిల్లల నుంచి చేర్చుకుంటారు. పొద్దున కొంతసేపు, మధ్యాహ్నం కొంతసేపు. టీచర్లకి ఇంగ్లీషు వచ్చు. రాకపోయినా ఫర్వాలేదు, అంతా చేతులతోనే చెప్తారు. మొదటి పాఠం ఆగడం. ఎలా జారాలో తర్వాత. స్కీల ముందు కొసలు దగ్గరకి తెచ్చి, వెనక కొసలు దూరంగా పెడితే వేగం తగ్గుతుంది. పిల్లలకి అర్థమవడానికి దాన్ని పిజ్జా ముక్క అంటారు. కొత్త కూలీకి ఎక్కడం కంటే ముందు హార్నెస్ కట్టుకోవడం నేర్పినట్టు, ఇక్కడ ముందు ఆగడం నేర్పుతారు. ఆ పద్ధతి నాకు నచ్చింది.

మూడోది, సామాను అద్దె. ఏమీ కొనక్కర్లేదు. బూట్లు, స్కీలు, కర్రలు, హెల్మెట్ అన్నీ అద్దెకి దొరుకుతాయి. షాపతను మన ఎత్తు, వయసు, బరువు అడుగుతాడు. నా బరువు 84 కిలోలని మా ఆవిడ ముందు చెప్పడానికి సిగ్గేసింది. కానీ ఆ ప్రశ్నకి కారణం ఉంది. బూటుని స్కీకి పట్టి ఉంచే క్లిప్పుని బరువుని బట్టి, మన అనుభవాన్ని బట్టి బిగిస్తారు. పడినప్పుడు కాలు మెలి తిరగకముందే ఆ క్లిప్పు ఊడిపోవాలి. కరెంటుకి ఫ్యూజు లాంటిది. కాబట్టి బరువు తగ్గించి చెప్పకండి. పరువు కోసం అబద్ధమాడితే మోకాలు పోతుంది.

నాలుగోది, బాటలకి రంగులు. ఆల్ప్స్‌లో నీలం అంటే తేలిక, ఎరుపు అంటే మధ్యరకం, నలుపు అంటే కష్టం. బాట అంచున ఆ రంగు గుర్తులు పాతి ఉంటాయి. జారేవాళ్ళకి పది నియమాలు ఉన్నాయి. వాటిలో నాకు బాగా నచ్చినది, కింద ఉన్నవాడికే దారి హక్కు. పైనుంచి వచ్చేవాడిదే బాధ్యత, తప్పుకుని వెళ్ళాల్సింది అతనే. మన సైటులో కూడా పైన పనిచేసేవాడు సుత్తి జారవిడిస్తే తప్పు కింద నడిచేవాడిది కాదు కదా.

సూపర్‌వైజర్ కళ్ళు ఊరుకోవు కాబట్టి ఇంకో రెండు విషయాలు కూడా చూశాను. సాయంత్రం లిఫ్టులు ఆగిపోయాక పెద్ద మంచు ట్రాక్టర్లు బయటికి వస్తాయి. మన గ్రేడర్లు రోడ్డు చదును చేసినట్టు వాలు మొత్తం సరిచేస్తాయి. పొద్దున చూస్తే మంచు మీద దువ్వెనతో దువ్వినట్టు సన్నని గీతలు. మంచు చాలకపోతే ఫిరంగుల్లాంటి యంత్రాలతో నీళ్ళని గాలితో కలిపి చిమ్ముతారు. గాలి చలి సున్నాకి కిందికి దిగితే ఆ తుంపరలు నేలకి చేరేలోపు గడ్డకట్టి మంచవుతాయి. ఆల్ప్స్‌లో ఇంకోటి కూడా కనిపిస్తుంది, కొండల పై వాలుల్లో వరసలు వరసలుగా ఉక్కు కంచెలు. మంచు పేరుకుని ఒక్కసారిగా కిందికి దూకకుండా పట్టి ఉంచడానికి. మనం తవ్విన గోతిలో మట్టి విరిగిపడకుండా షోరింగ్ పెట్టినట్టే. చిన్న ఊరే గానీ, కొండ కింద ఉన్న ఏ ఊరూ కొండని తేలిగ్గా తీసుకోదు. అందుకే మూసిన బాట అని బోర్డు పెడితే అటు అడుగు పెట్టకూడదు. బారికేడ్ దాటినవాడికి మనం ఏం చెప్తామో గుర్తుంచుకోండి.

స్కీలు వేసుకోని వాళ్ళకి కూడా పని ఉంది. మా ఆవిడ మొదటి రోజే చెప్పేసింది, "నా కాళ్ళకి ఆ చెక్కలు కట్టొద్దు" అని. నడిచేవాళ్ళ కోసం మంచుని గట్టిగా తొక్కి దారులు వేసి ఉంచుతారు. చుడీదార్ మీద తమ్ముడి జాకెట్ వేసుకుని ఆ దారుల్లో తిరిగింది. ఊళ్ళో ఒక చిన్న చర్చి ఉంది, శాంతి చాపెల్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధం తమ దేశాన్ని తాకకుండా పోయినందుకు కృతజ్ఞతగా కట్టుకున్నారు. మా ఆవిడ అక్కడ కాసేపు కూర్చుని వచ్చింది. ఏం మొక్కుకుందో నేను అడగలేదు.

తిండి సంగతి. హోటళ్ళలో ఖరీదు ఎక్కువ. మేము వంటగది ఉన్న చిన్న ఫ్లాటు తీసుకున్నాం. బియ్యం, కందిపొడి, ఆవకాయ, చిన్న కుక్కరు వెంట తెచ్చుకున్నాం. ఒక్క పూట మాత్రం అక్కడి వంట తినాలనుకుని కేజ్‌క్నోప్‌ఫ్లె అనేది తిన్నాం. పిండి ఉండలు ఉడికించి, చీజు కలిపి, పైన వేయించిన ఉల్లిపాయలు వేస్తారు. పక్కన ఆపిల్ గుజ్జు పెడతారు. మాంసం ఉండదు కాబట్టి శాకాహారులకి ఇబ్బంది లేదు. పిల్లలు గిన్నె నాకేశారు. మా ఆవిడ మాత్రం "ఇందులో పచ్చిమిరపకాయ పడితే ఎంత బాగుండేది" అంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ బెల్టు, క్లిప్పు, రంగులు ఇవన్నీ పెద్ద రిసార్టుల్లో కూడా ఉంటాయి, ఇంకా బాగా ఉంటాయేమో. చిన్న చోటు ఇచ్చేది వేరే ఉంది. నేను కంచె దగ్గర నిలబడితే చిన్నది కనిపించేది. తల తిప్పితే పక్క వాలు మీద పెద్దాడు, వాళ్ళ మావయ్య కనిపించేవాళ్ళు. వెనక్కి తిరిగితే దారిలో మా ఆవిడ ఎర్ర జాకెట్ కనిపించేది. నలుగురు మనుషులు ఒకేసారి నా కళ్ళ ముందు. ఎవరికీ ఫోన్ చేయక్కర్లేదు. పంతొమ్మిదేళ్ళలో నా కుటుంబాన్ని నేను స్క్రీను మీద కాకుండా అలా ఒక్క చూపులో చూసింది ఎన్నిసార్లో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

మొదటి రోజు చిన్నది ఆ వాలు మీద బోర్లా పడింది. నాకు ఇరవై అడుగుల దూరం. నేను కంచె దాటబోయాను. టీచరమ్మ నావైపు అరచెయ్యి చూపించింది, ఆగమని. సైటులో రోజుకి పదిసార్లు నేను చూపించే సైగ అది. ఆగాను. చిన్నది తనే మోకాళ్ళ మీద లేచింది, ముక్కు తుడుచుకుంది, మళ్ళీ బెల్టు ఎక్కింది. పక్కన పడిన వేరే పిల్లలందరూ పడగానే కంచె వైపు చూస్తున్నారు, అమ్మ ఎక్కడ, నాన్న ఎక్కడ అని. నా పిల్ల చూడలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు "ఎంత ధైర్యమో" అన్నారు. నాకు మాత్రం గుండెలో ఏదో గుచ్చుకుంది. అది ధైర్యం కాదు. పడితే నాన్న వైపు చూడడం దానికి అలవాటు లేదు. అంతే.

రెండో రోజూ అంతే. మూడో రోజు మధ్యాహ్నం పైనుంచి పడకుండా వచ్చి, పిజ్జా ముక్క పెట్టి ఆగింది. ఆగి, తల తిప్పి కంచె వెంట వెతికింది. నేను రెండు చేతులూ ఎత్తాను. నాలుగో రోజు, ఇక చివరి గంట అనగా, కంచె దగ్గరికొచ్చి చిన్నగా పడింది. దెబ్బ కూడా తగల్లేదు. నావైపు చూసి, పెదవి విరిచి, ఏడవడం మొదలుపెట్టింది. మూడు రోజులు పడినా ఏడవని పిల్ల నన్ను చూసి ఏడ్చింది. పిల్ల ఏడిస్తే సంతోషపడిన తండ్రి ఇంకెవరైనా ఉన్నారో లేదో నాకు తెలియదు, నేను మాత్రం పడ్డాను. ఈసారి టీచరమ్మ ఆగమనలేదు. కంచె దాటి వెళ్ళి ఎత్తుకున్నాను. ఆ బూట్లతో కలిపి మోయలేనంత బరువుంది.

పెద్దాడితో వేరే కష్టం. పదమూడేళ్ళ వయసు. నేను ఇంటికి వెళ్తే "బాగున్నావా నాన్నా" అని ఫోన్లో మునిగిపోతాడు. మాల్బున్‌కి కాస్త ముందు స్టెగ్ అనే చోట, పైనున్న స్యుక్కా నుంచి కిందికి చెక్క బండి మీద జారే బాట ఉంది. ఆ బండిని తాడుతో లాక్కుంటూ పైకి నడిచి వెళ్ళాలి. లిఫ్టు లేదు. ఆ నడకే మంచిదైంది. చేతులు తాడు మీద ఉంటే ఫోన్ తీయడానికి వీల్లేదు. సగం దారిలో వాడు అడిగాడు, "నాన్నా, నువ్వు దుబాయ్‌లో ఎన్నో అంతస్తు దాకా ఎక్కుతావు?" అని. చెప్పాను. "భయమేయదా?" అన్నాడు. మొదటి రోజు స్కాఫోల్డింగ్ మీద కాళ్ళు వణికి కదల్లేకపోయిన సంగతి చెప్పాను. ఎవరికీ చెప్పని సంగతి అది. కిందికి దిగేటప్పుడు వాడు ముందు కూర్చుని నడిపాడు, నేను వెనక కూర్చున్నాను. రెండు చోట్ల గట్టు మీదికి ఎక్కించాడు. ఇద్దరం మంచులో పడి నవ్వాం.

ఆ ఊరి గురించి ఇంకొక్క మాట. ఇది మన వలస బతుకులకి దగ్గరైన మాట. మాల్బున్ ట్రీసెన్‌బెర్గ్ అనే గ్రామం కిందికి వస్తుంది. అక్కడివాళ్ళని వాల్సర్లు అంటారు. సుమారు 1300 ప్రాంతంలో స్విట్జర్లాండ్‌లోని వాలే అనే లోయ నుంచి వలస వచ్చారు. కింద లోయలో మంచి నేల అప్పటికే వేరేవాళ్ళది. ఎవరికీ అక్కర్లేని నిటారు కొండ వీళ్ళకి దక్కింది. ఏడు వందల ఏళ్ళయింది, ఇప్పటికీ ఇంట్లో వాళ్ళ సొంత యాస మాట్లాడతారు. ఆ దేశానికి ఒలింపిక్స్‌లో రెండు బంగారు పతకాలు తెచ్చిన హన్నీ వెంజెల్ కూడా జర్మనీలో పుట్టి, పసితనంలో ఇక్కడికి వచ్చిన మనిషే. 1980లో స్లాలమ్‌లో ఒకటి, జెయింట్ స్లాలమ్‌లో ఒకటి గెలిచింది. అప్పటికి దేశ జనాభా ముప్పై వేలు కూడా లేదు. 2018లో ఆమె కూతురు టీనా వైరాటర్ కంచు పతకం గెలిచింది. 2018 వరకు ఆ దేశానికి వచ్చిన పది పతకాలూ కొండ వాలు మీద జారే ఆటలోనే వచ్చాయి.

ఈ రోజుకీ ఆ దేశంలో పనిచేసేవాళ్ళలో సగం మందికి పైగా పక్క దేశాల నుంచి రోజూ వచ్చి వెళ్ళేవాళ్ళే. మేమున్న చోట గదులు శుభ్రం చేసే ఆవిడ పోర్చుగల్ మనిషి. సీజను కాంట్రాక్టు. పిల్లలు అక్కడ అమ్మమ్మ దగ్గర ఉన్నారట. మా బావమరిది మధ్యలో మాట కలిపాడు. నేను ఎక్కడ పనిచేస్తానో చెప్పగానే ఆవిడ ఫోన్ తీసి పిల్లల ఫోటో చూపించింది, నేను నా పిల్లల్ని చూపించాను. మేము సరదాగా వచ్చిన చోట ఆవిడ మనలాగే రోజులు లెక్కపెట్టుకుంటోంది. వచ్చేటప్పుడు గది మేమే ఊడ్చి, దుప్పట్లు మడతపెట్టి వచ్చాం.

ఇక ఖర్చు, కాగితాలు. దాచకుండా చెప్తాను.

లీక్టెన్‌స్టైన్‌కి వేరే వీసా లేదు, షెంగెన్ వీసా చాలు. స్విస్ వాళ్ళ దగ్గరే అప్లై చేయాలి. నేను దుబాయ్‌లో, ఇంటివాళ్ళు హైదరాబాద్‌లో అప్లై చేశాం. పెద్దలకి 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకి 45, ఆరేళ్ళ లోపు ఉచితం. కంపెనీ నుంచి జీతం సర్టిఫికెట్, సెలవు లెటర్, బ్యాంకు స్టేట్‌మెంట్, ఇన్సూరెన్స్ కావాలి. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. అక్కడ ఒక్క విషయం జాగ్రత్త. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్సుల్లో చాలావాటికి స్కీయింగ్ దెబ్బలు వర్తించవు. కొండ మీది నుంచి హెలికాప్టర్‌లో దించాల్సి వస్తే ఆ బిల్లు మనం కట్టలేం. శీతాకాలపు ఆటలు, కొండ మీద రెస్క్యూ రెండూ ఉన్నాయో లేదో చదివి తీసుకోండి.

అన్నీ కలిపి నాకు నాలుగున్నర లక్షల రూపాయలు దాటింది. అందులో ఎక్కువ భాగం విమానం టికెట్లే. మిగతా రోజులు బావమరిది ఇంట్లో ఉన్నాం కాబట్టి అంతటితో ఆగింది. ఫ్రాంకు అంటే నాలుగు దిర్హాముల పైమాటే, కాబట్టి కాఫీ తాగినా చెయ్యి వణుకుతుంది. పెద్దవాళ్ళందరికీ లిఫ్టు పాసులు కొనకండి. పిల్లల మైదానానికీ, పెద్ద లిఫ్టులకీ టికెట్లు వేరువేరుగా అడిగి తీసుకోండి. సీజను డిసెంబరు మధ్య నుంచి మార్చి చివరిదాకా. గ్లౌజులు రెండు జతలు పెట్టుకోండి, ఒకటి తడిస్తే ఇంకోటి. ఎండ కళ్ళజోడు, ముఖానికి క్రీము తప్పనిసరి. మంచు మీద ఎండ తిరగబడి కొడుతుంది, గల్ఫ్ ఎండ చూసిన నా ముక్కు కూడా అక్కడ ఒలిచింది. మొదటి రోజు పిల్లల్ని మరీ అలవనివ్వకండి, ఎత్తు ప్రదేశం కదా.

అప్పు చేసి మాత్రం వెళ్ళొద్దు. ఇది నా గట్టి మాట. ఇంట్లో వైద్యం, చదువు, చెల్లెలి పెళ్ళి, వీటి డబ్బు ముట్టుకోవద్దు. కుటుంబం ఊళ్ళో ఉంటే గుల్మార్గ్ ఉంది, మనాలి దగ్గర సోలాంగ్ ఉంది, వీసా గొడవ లేదు. అదీ కాకపోతే మీ సెలవులో నాలుగు రోజులు ఎక్కడికైనా, పిల్లలు పడి లేచే చోటికి తీసుకెళ్ళండి. ఒక్క షరతు, చోటు చిన్నదిగా ఉండాలి. నలుగురూ ఒకే చూపుకి అందాలి.

తిరిగొచ్చాక మా నాన్నకి ఫోన్ చేశాను. ఆయన ఇంకా కోపంగానే ఉంటాడనుకున్నాను. "చిన్నది చెప్పిందిరా, నువ్వు కంచె దూకావంట కదా" అన్నాడు. తర్వాత కాసేపు ఏమీ అనలేదు. "స్లాబుదేముంది, వచ్చే ఏడు వేద్దాం" అని పెట్టేశాడు.

స్లాబు వచ్చే ఏడైనా వేయొచ్చు. కాంక్రీటు ఎప్పుడు పోసినా గట్టిపడుతుంది. పిల్ల మాత్రం వచ్చే ఏడుకి తొమ్మిదేళ్ళది అవుతుంది.

రాత్రి నా మంచం దగ్గరికొచ్చి అడిగిన తమ్ముడూ, విన్నావనుకుంటాను. నీ బాబుకి ఇంకా మూడేళ్ళే అన్నావు. నీకు టైముంది. ఈ నెల నుంచే వేరే ఖాతాలో వంద దిర్హాములు పక్కన పెట్టడం మొదలుపెట్టు.

ఉంటానండీ. రేపు పొద్దున స్లాబు పోత ఉంది, తొందరగా పడుకోవాలి. అందరూ హెల్మెట్ పెట్టుకోండి, హార్నెస్ తగిలించుకోండి, క్షేమంగా ఇంటికి వెళ్ళండి.